రుచి మరిగిన నీళ్ళు

కోడూరు
1996 జనవరి

అన్నపూర్ణా,

నేను బాగానే ఉన్నాను, మీ ముగ్గురూ బాగుండాలి. ఫోన్ చెయ్యమని మా తమ్ముడు రామబ్రహ్మం పోరుతున్నాడు కానీ ఇక్కడ ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే సగం కోడూరు వింటుంది. ఇప్పుడు చెప్పబోయేది నలుగురి చెవిన పడే సంగతి కాదు. వాడికి కూడా చదివి వినిపించకు. వాడు నవ్వడం మొదలుపెడితే ఓ పట్టాన ఆపడు.

మొన్న కళ్ళంలో ధాన్యం తూర్పారబోద్దామంటే ఆకు కదిలితే ఒట్టు. కూలీలు చేటలు పక్కన పెట్టి కబుర్లలో పడ్డారు. నేను కళ్ళం చివరికి వెళ్ళి, ముంజేతుల మీంచి కొంగు తీసేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఒంటి మీద గాలి ఆనవాలు ఏ మూల ఉందా అని వెతికాను. ఎడమ మణికట్టు లోపలివైపు, చీమ నడిచినంత చల్లదనం తగిలింది. మనసంతా తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. అది మోచేతికి వచ్చింది, మెడకు వచ్చింది. కళ్ళు తెరిచేసరికి పొట్టు ఎగిరిపోతోంది. ధాన్యం రాశి పడ్డాక "పో" అన్నాను. ఠక్కున ఆగిపోయింది.

నాకు మతి పోయిందనుకోకు. కళ్ళజోడు కోసం బందరు వెళ్ళినప్పుడు నాంచారయ్యగారింటికి వెళ్ళాను. మా ఆయన బతికున్నప్పుడు మా ఇంటికి వచ్చేవారు, తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. ఇప్పుడు ఒంటరిగా ఉండి ఈ సాధన చేస్తున్నారు. మాట మొదలుపెడితే పాఠం చెప్పినట్టే ఉంటుంది.

"నేలకి వాసన, నీటికి రుచి, నిప్పుకి చూపు, గాలికి స్పర్శ, ఆకాశానికి చప్పుడు. దేన్ని పిలవాలంటే దాని ఇంద్రియంతోనే పిలవాలమ్మా. పిలిచినంతసేపూ ఆ ఇంద్రియం దానికి అరువిచ్చినట్టు. 'పో' అంటే పోతుంది, మనది మనకి వదిలేస్తుంది. ఇంకే మాటా పనికిరాదు. వట్టి 'పో' " అన్నారు.

ఆ మాట చెబుతూ పొగలొచ్చే కాఫీ గ్లాసుని గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. నాకైతే కొంగుతో పట్టుకున్నా చేయి చుర్రుమంది. సాధన అంటే ఇదీ అనుకున్నాను.

వర్షిణికి నా ముద్దులు. ఉంటాను.

మీ వదిన
సీతారావమ్మ


గుడివాడ
1996 ఫిబ్రవరి

వదినగారికి మీ మరదలి నమస్కారాలు.

మా వదినకి గాలి సోకిందని ఎవరైనా అంటే ఇన్నాళ్ళూ వాళ్ళతో పోట్లాడేదాన్ని. తీరా చూస్తే మీరే పిలిచి మరీ సోకించుకున్నారన్నమాట. సరే, వేసవిలో ఇక్కడ కరెంటు పోయినప్పుడు ఆ గాలిని కాస్త మా డాబా మీదికి పంపండి, మీ తమ్ముడి విసనకర్ర బాధ నాకు తప్పుతుంది. ఆయనకేమీ చెప్పలేదు లెండి.

నా సంగతి మాత్రం నవ్వే సంగతి కాదు. డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలంది. ఏప్రిల్ చివర్లో ఆపరేషన్. ఆ తరవాత నెలన్నర బరువెత్తకూడదు, బస్సెక్కకూడదు. మా అమ్మ లేదు, మా అత్తగారూ లేరు. సెలవుల్లో వర్షిణిని మీ దగ్గరుంచుకోవాలి వదినా. మిమ్మల్ని కాక ఎవరినడగను?

మిమ్మల్ని ఏమీ ఇబ్బంది పెట్టదు. పుట్టిననాడే అందరూ మేనత్త పోలికన్నారు, ఇప్పుడు ఏడేళ్ళొచ్చాక మరీ మీలాగే దిగిపోయింది. ఆ నడక, ఆ గొంతు, చివరికి తుమ్ము కూడా మీదే. మొన్న పక్కింటావిడ గోడ అవతల దాని మాట విని మీరొచ్చారనుకుంది. మర్యాద మాత్రం నేను నేర్పిందే. ఎవరింటి నుంచి వస్తున్నా గుమ్మం దగ్గర ఆగి "వెళ్ళొస్తానండీ" అని చెప్పనిదే అడుగు వెయ్యదు. చిన్నప్పుడు "వెళ్తాను" అంటే నెత్తిన మొట్టేదాన్ని. వెళ్తాననేది పోయేవాళ్ళ మాట కదా.

పండుమిరపకాయలు వచ్చి ఉంటాయి. మీ చేతి పచ్చడి కోసం మీ తమ్ముడు ఇప్పటినుంచే లొట్టలేస్తున్నారు.

మీ
అన్నపూర్ణ


కోడూరు
1996 మార్చి

అన్నపూర్ణా,

పిల్లని పంపించు. అడగాలా? ఇది దాని మేనత్త ఇల్లు.

ఇంకో సంగతి రాస్తున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

నువ్వు కాపురానికి రాకముందే మా హైమ పోయింది. ఫోటోలోనే చూశావు దాన్ని. డెబ్భై ఏడు ఉప్పెనలో నా చేతిలోంచి జారింది, అప్పటికి దానికి ఆరేళ్ళు. మళ్ళీ దొరకలేదు. దొరికిన పిల్లల తల్లులు ఏడ్చి, మట్టి చేసి, దినాలు చేసి ఏదోలా ఊరుకున్నారు. నాకు దాన్ని సాగనంపడమంటూ జరగనే లేదు. పంతొమ్మిదేళ్ళుగా వీధి తలుపు చప్పుడైతే ఇప్పటికీ తల తిప్పుతాను.

నీళ్ళు తీసుకెళ్ళిన పిల్లని నీళ్ళే తేవాలి కదా అనిపించింది. నాంచారయ్యగారిని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చాను. దీపాలు పెట్టేవేళ పెరట్లో కూర్చుని ఒక్క గుక్క నాలుక మీద పెట్టుకున్నాను. మింగకూడదు, ఉమ్మకూడదు. మొదట అంతా ఉప్పే. ఓపిక పడితే ఉప్పు కింద బురద రుచి తెలిసింది. బురద కింద తుప్పు. దాని కింద ఇంకేదో ఉంది, చాలాసేపు అందలేదు. అందాక నాకు ఏడుపొచ్చింది. హైమ కాకెంగిలి చేసి నా నోట్లో పెట్టే బెల్లం ముక్క రుచి అన్నపూర్ణా అది.

కళ్ళు తెరిస్తే పెరటి గుమ్మం అవతల నిలబడి ఉంది. అదే పరికిణీ. జడల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏమీ మాట్లాడలేదు, లోపలికీ రాలేదు. నన్ను చూస్తూ నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు.

పంపించేటప్పుడు "పో" అనాలి. ఎలా అనను? ఏ తల్లి అంటుంది? బడికి పంపేటప్పుడు రోజూ అన్న మాటే నోటికొచ్చింది. "వెళ్ళి రామ్మా" అన్నాను. తల ఊపి కాలవ వైపు వెళ్ళిపోయింది.

ఆ పూట నిశ్చింతగా నిద్రపట్టింది. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని.

కండక్టర్ దేవదానం చేతికి పచ్చడి జాడీ ఇచ్చాను. మా వీధివాడే, జాగ్రత్తగా తెచ్చి ఇస్తాడు. ఉంటాను.

సీతారావమ్మ


గుడివాడ
1996 మార్చి

వదినా,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. హైమని మీరు మరిచిపోయారని ఎప్పుడూ అనుకోలేదు కానీ ఇంతగా మోస్తున్నారని తెలియలేదు. ఒంటరిగా ఉంటే ఏవేవో కనిపిస్తాయి. ఆ ఇంటికి తాళం వేసి మా దగ్గరకి వచ్చెయ్యండి.

ఇంకోటి చెప్తాను, ఏమీ అనుకోకండి. పచ్చడి నోట్లో పెట్టలేకపోయాం. వట్టి ఉప్పు. మీ తమ్ముడు మొదటి ముద్దకే కంచం పక్కకి నెట్టి "ఇది మా అక్క చెయ్యి కాదు" అన్నారు. మిరపకాయలూ ఉప్పూ కళ్ళతో చూసి కలిపే మనిషి కాదు మీరు, నాలుక చివర పెట్టుకుని చూసి కలుపుతారు. మరి రుచి చూడలేదా?

నాకిలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా "పో అంటే మనది మనకి వదిలేస్తుంది" అని ఆ పండితుడు అన్న మాట తిరిగి చదువుకున్నాను. మీరు పో అనలేదుగా.

ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు. పిల్లని పంపక తప్పదు. పంపేముందు నాకు ఒట్టు కావాలి. ఆ నీళ్ళని మళ్ళీ పిలవనని రాయండి.

అన్నపూర్ణ


కోడూరు
1996 ఏప్రిల్

అన్నపూర్ణా,

ఒట్టు. నీళ్ళని నేను మళ్ళీ పిలవను. వర్షిణి నెత్తి మీద ఒట్టు, చాలా?

జలుబు చేసి నోరు చచ్చింది, అందుకే పచ్చడి అలా తగలడింది. దానికి ఇంత పురాణం దేనికి? ఆపరేషన్ అంటే భయపడకు. పిల్ల గురించి బెంగ అసలే వద్దు. ఉంటాను.

సీతారావమ్మ


కోడూరు
1996 మే

అన్నపూర్ణా,

కుట్లు మానుతున్నాయని తమ్ముడి ఉత్తరం వల్ల తెలిసి ప్రాణం కుదుటపడింది. ఇక్కడ వర్షిణి హాయిగా ఉంది. పొద్దున్నే ముంజెలు, మధ్యాహ్నం చింతపిక్కలాట, సాయంత్రం పెరట్లో కబుర్లు. ఎండకి కాస్త నల్లబడింది. నాకు ఇల్లు నిండుగా ఉంది. ఇద్దరు పిల్లల కోడిలా తిరుగుతున్నాను.

కింద కాస్త చోటు వదిలాను, తనూ రాస్తానంటోంది. ఉంటాను.

సీతారావమ్మ

అమ్మా నీకు నొప్పి తగ్గిందా. నేను ఏడవడం లేదు. అత్తయ్య కూరల్లో ఉప్పు చాలా వేస్తుంది. మొదట కక్కొచ్చింది ఇప్పుడు బాగానే ఉంది. నాకు ఇక్కడ అక్క ఉంది. అత్తయ్య పిలవదు అక్కే వస్తుంది. మొదట గుమ్మం అవతల నిలబడేది. తరవాత వంటింట్లోకి వచ్చింది. ఇప్పుడు మా మంచం దగ్గరదాకా వస్తుంది. అక్క నా బుగ్గ నాకింది. ఉప్పగా ఉందా అంటే నవ్వింది. కాలవ నిండా నీళ్ళున్నాయి అక్క దిగుదాం రమ్మంటోంది. అమ్మని అడిగి వస్తానని చెప్పా. దిగనా అమ్మా. వర్షిణి.


బందరు
1996 మే

వదినా,

పిల్ల రాసింది మీరు చదవకుండానే కవరు అంటించారని నా అనుమానం. చదివి ఉంటే పంపేవారు కాదు.

కాలవ నిండా నీళ్ళున్నాయని రాసింది. ఏప్రిల్‌లో లాకులు దించాక ఈ డెల్టా మొత్తం మీద ఏ కాలవలో నీళ్ళున్నాయి? మీ పెరటి కాలవలో పిల్లలు క్రికెట్టాడతారు ఈ రోజుల్లో. ఆ వాక్యం చదివాక నాకిక పడుకోబుద్ధి కాలేదు. డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, మీ తమ్ముడితో పోట్లాడి, కారు మాట్లాడించుకుని నాంచారయ్యగారి దగ్గరకి వచ్చాను. ఆయన వరండాలో కూర్చునే ఇది రాస్తున్నాను. కుట్లు లాగుతున్నాయి, అక్షరాలు వంకరపోతే సర్దుకోండి.

మీరు చేసిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తరవాత అడిగారు.

"పో అనకుండా రమ్మన్నదా?"

"కన్నతల్లి కదండీ, ఎలా అంటుంది?" అన్నాను.

"నేనూ అనలేకపోయానమ్మా మా ఆవిడని" అని తన అరచేతులు చూపించారు. అరచేతుల నిండా కాలిన మచ్చలు వదినా. నిప్పు ముట్టుకున్నా ఆయనకి తెలియదు. గాలి ఆయన స్పర్శని పట్టుకుపోయి ఇంకా ఇవ్వలేదు. మీరు సాధన అనుకున్నది అదీ.

"రమ్మన్నారు కాబట్టి పిలవకపోయినా వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక అడుగు లోపలికి. అది హైమ కాదమ్మా, హైమ రుచి తెలిసిన నీళ్ళు. నీళ్ళకి పేర్లు తెలియవు. రుచులే తెలుసు. ఇన్నాళ్ళూ ఆవిడ నాలుక మీద బతికింది, ఇప్పుడు పిల్ల రుచి మరిగింది" అన్నారు.

మీరు ఒట్టు తప్పలేదు. పిలవనన్నారు, పిలవలేదు. వస్తోందని మాత్రం నాకు చెప్పలేదు. నా కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి చేశారు ఆ పని. నాకు మీ మీద ఎంత కోపంగా ఉందో రాయడం మొదలుపెడితే పొద్దుపోతుంది.

రమ్మన్న నోరే పొమ్మనాలట, దాని మొహం చూసి. వేరే దారి లేదన్నారు. ఈ ఉత్తరం దేవదానం చేతికిస్తున్నాను, సాయంత్రానికల్లా మీకు అందుతుంది. రేపు పొద్దున్నే మీ తమ్ముడు పిల్ల కోసం వస్తారు. ఈ లోపల ఆ మాట అనండి. మీ హైమ ఎప్పుడో పోయింది వదినా. నా పిల్ల ఇంకా ఉంది.

అన్నపూర్ణ


కోడూరు
1996 మే

అన్నపూర్ణా,

ఇది రామబ్రహ్మం జేబులో పెట్టి పంపుతున్నాను. వాడికేమీ చెప్పలేదు. పిల్ల క్షేమం.

నీ కోపం న్యాయమే. నేను దాచాను. చెబితే పిల్లని పంపవు, పిల్ల ఉంటే హైమ గుమ్మం దాటి లోపలికి వస్తుందేమోనని ఆశపడ్డాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే చూడాలనుకున్నాను. చూశాను కూడా. ఆ ముచ్చట్లో పిల్ల కళ్ళ కింద గుంటలు నాకు కనిపించలేదు.

నిన్న దీపాలవేళ వచ్చింది. వర్షిణి చెయ్యి పట్టుకోబోతుంటే మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. "పో" అన్నాను. కదల్లేదు. మళ్ళీ అన్నాను. "ఎక్కడికి పోనమ్మా" అంది. నా దగ్గర నెలల తరబడి నోరు విప్పని పిల్ల అప్పుడు విప్పింది, అచ్చం హైమ గొంతుతో. నాంచారయ్యగారు వంద చెప్పనీ, ఆ క్షణాన అది నా కూతురే. మూడోసారి గట్టిగా అరిచాను. నేల మీద నీళ్ళు పోసినట్టు పడిపోయి, ఇంకిపోయింది.

తరవాత కంచం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నా రుచి నాకు తిరిగొచ్చింది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉమ్మేశాను. ఈ ఉప్పే నేను నెల రోజులు నీ పిల్లకి తినిపించాను.

నన్ను క్షమించాలని రాయను. ఉంటాను.

సీతారావమ్మ


గుడివాడ
1996 జూన్

వదినా,

మీరు "పో" అన్నారని చదివి మీ మీద కోపమంతా దిగిపోయింది. ఆ మాట అనడానికి మీకెంత కష్టమైందో నాకు తెలుసు. ఇక్కడితో వదిలిందనుకున్నాను.

వదల్లేదు. వర్షిణి అన్నంలో ఉప్పు వంచుకుంటోంది. వద్దంటే సముద్రపు ఉప్పు గళ్ళు దొంగతనంగా నోట్లో వేసుకుంటోంది. పంచదార పెట్టినా, కాకరకాయ పెట్టినా తేడా తెలియడం లేదు. మూడు రోజులుగా మా వీధి మెట్ల మీద తడి కాళ్ళ గుర్తులు. మొన్న కింది మెట్టు. నిన్న మధ్య మెట్టు. ఇవాళ గడప.

ఏం జరిగిందని మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగాను. బయలుదేరేటప్పుడు ఏమైనా అందా అని. ఆయన నవ్వుతూ చెప్పారు. బస్సు కోసం కాలవ గట్టు మీద నడుస్తుంటే పిల్ల ఆగి, వెనక్కి తిరిగి, ఎండిన కాలవ వైపు చూసి "వెళ్ళొస్తానక్కా" అందట. "ఎంత మర్యాదగా పెంచావే" అని నన్ను మెచ్చుకున్నారు.

నేను నేర్పిన మాటే. మొట్టి మొట్టి నేర్పాను.

నాంచారయ్యగారికి ఫోన్ చేయించాను. రమ్మన్నదాన్ని పొమ్మనచ్చు కానీ వస్తానని ఇచ్చిన మాటకి విరుగుడు లేదన్నారు. మాట ఇచ్చినవాళ్ళు వెళ్ళేదాకా అది తిరుగుతూనే ఉంటుందట. పిల్లని తీసుకుని ఏ ఊరు పారిపోనూ? నీళ్ళు లేని ఊరు ఎక్కడుంది? తలుపులన్నీ వేసి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏం చెయ్యాలో చెప్పండి వదినా.

అన్నపూర్ణ


కోడూరు
1996 జూన్

అన్నపూర్ణా,

పిల్లని ఒళ్ళోంచి దింపకు. ఇంకొక్క పూట అలాగే ఉండు.

నాంచారయ్యగారు చెప్పిన మాటే నాకు దారి చూపింది. నీళ్ళకి పేర్లు తెలియవన్నారు. వస్తానన్న గొంతు తెలుసు, ఆ రుచి తెలుసు. వర్షిణి గొంతు ఎవరిదో నువ్వే రాశావు. గోడ అవతల విని పక్కింటావిడే పొరబడింది, నీళ్ళదెంత. దాని ఒంట్లో ఉన్నది మా పుట్టింటి రక్తమే. పుట్టిననాడు మేనత్త పోలిక అని అందరూ అంటుంటే ఆ రోజు ఎంత మురిసిపోయానో. ఆ పోలిక దేనికి పనికొస్తుందో ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ వదిలేసిన దాని రిబ్బను ఒకటి ఉంది, తల నూనె పట్టి ఉంది. జడలో ముడేసుకున్నాను. నవ్వకు, యాభై ఏళ్ళ ముసలమ్మ రిబ్బను కట్టుకుందని. పెరటి కాలవ గట్టుదాకా నిండింది. ఇంకా లాకులెత్తలేదు కదమ్మా, ఈ నీళ్ళెక్కడివి అని దేవదానం అడిగాడు. ఈ ఉత్తరం వాడికిచ్చి, బస్సు కదిలేదాకా చూసి వెనక్కి వచ్చి, వర్షిణి ఇచ్చిన మాట నేను తీరుస్తాను.

భయంగానే ఉంది. లేదంటే అబద్ధం. పంతొమ్మిదేళ్ళ కిందట పట్టు జారిన చెయ్యి అక్కడెక్కడైనా తగులుతుందేమోనని ఆశ కూడా ఉంది. తగలకపోయినా ఫరవాలేదు. ఈసారి నా చేతిలో ఉన్న పిల్లని జారనివ్వలేదు, అది చాలు.

తమ్ముణ్ణి ఏడవనివ్వు, ఆపకు. ఇంటి తాళం దేవదానం దగ్గరుంటుంది.

ఇది అందగానే వర్షిణికి ఉప్పు వెయ్యకుండా పెరుగన్నం కలిపి పెట్టు. చప్పగా ఉందని మొహం పెడితే, నేను చేరానని తెలుసుకో. మారాం చేసి కంచం తోసేసినా కొట్టకు. ఆ తరవాత చిటికెడు ఉప్పు వెయ్యి, ఎక్కువొద్దు.

ఎప్పటిలా "ఉంటాను" అని రాయబోయి ఆగాను.

వెళ్తున్నాను అన్నపూర్ణా.

సీతారావమ్మ